తోమేసిన నెట్సుకేలు

నాటకశాల కుట్టుగదిలో ఆమెను అందరూ గుండీలక్క అనేవారు. రాజు అంగీ నుంచి సిపాయి చొక్కా దాకా ఎవరి గుండీ ఊడినా ఆమె దగ్గరికే పరుగు.

ఓసారి పాత దుస్తుల పెట్టె అడుగున బొటనవేలంత ఇత్తడి కప్ప దొరికింది. పొట్ట కింద రెండు కన్నాలు. గుండీ అనుకుంది. కాదు, నెట్సుకే అని తర్వాత తెలిసింది. వెనకటి జపాను వాళ్ళ దుస్తులకు జేబులుండేవి కావు. నడికట్టుకు తాడుతో సంచి వేలాడదీసుకుని, తాడు జారిపోకుండా పైకొసకు ఇలాంటి బిళ్ళ కట్టుకునేవారు. కప్పను నువ్వే ఉంచుకో అన్నాడు మేనేజరు. అంతే, పిచ్చి పట్టుకుంది. పాతసామాన్ల కొట్లన్నీ గాలించింది. దంతంవీ కర్రవీ ముట్టుకునేది కాదు. చేతిలోకి చల్లగా వచ్చి నెమ్మదిగా వెచ్చబడే లోహమే కావాలి ఆమెకు.

అన్నిట్లోకీ ప్రాణమైనది ఒకటుంది. చిన్న గిన్నెలాంటిదానికి నల్లటి రేకు మూత. రాగిలో కాస్త బంగారం కలిపి, మందునీళ్ళలో ఉడికించి తెప్పించిన నలుపది. ఆ నలుపు మీద బంగారు కొంగ.

కంటి ఆపరేషను అయ్యాక బావగారు, అంటే భర్త అన్నగారు, వీళ్ళింట్లో ఉండడానికొచ్చారు. ఊరికే కూర్చోలేని మనిషి. తలుపు బందులకు నూనె వేశారు, కుర్చీ కాళ్ళు సరిచేశారు. ఆమె సంతోషించింది కూడా.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి బల్ల మీద నెట్సుకేలన్నీ వరసగా తళతళలాడుతున్నాయి. ఇనుప ఎలుగుబంటిని గరుకు కాగితంతో రుద్దేశారు. కొంగ వెనక నలుపు పోయి ఎర్రటి రాగి తేలింది.

"ఎంత మురికమ్మా, చేతులు నొప్పెట్టాయి," అన్నారు బావగారు సంబరంగా.

ఆమె కొంగను చేతిలోకి తీసుకుంది.

"బావగారూ, అది మురికి కాదు. వందేళ్ళ కిందట ఒకడు చేసిన పని. మీరు తోమి పారేశారు."

ఆయన మొహం పాలిపోయింది. పక్కనే ఉన్న భర్త అందుకున్నాడు. "పోనీలే, అన్నయ్య ప్రేమతో చేశాడు. ఇప్పుడు చూడు, కొత్తవాటిలా ఉన్నాయి."

అప్పుడామె కళ్ళు బల్ల కింద ఉన్న పాలిష్ డబ్బా మీద పడ్డాయి. బావగారు గడప దాటే స్థితిలో లేరు.

"ఈ డబ్బా ఎవరు తెచ్చారు?"

భర్త డబ్బాను కాలితో బల్ల లోపలికి నెట్టాడు.

"మీరే తెచ్చిచ్చారా?"

"మనిషికి కాలక్షేపం ఉండాలి కదా. నాలుగు ఇనపముక్కలకి ఇంత రాద్ధాంతమా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళుగా ప్రతి కొత్తదాన్నీ మొదట ఈ మనిషి అరచేతిలోనే పెట్టింది. ఆ నలుపు ఎలా వచ్చిందో చెబుతుంటే ఊఁ కొట్టాడు. ఆ ఊఁలన్నీ గాలికేనా.

"పెద్దాయనకి తెలీదు. మీకు తెలుసు. తెలిసి డబ్బా కొనుక్కొచ్చారు."

"అన్నయ్య ముందు ఆ మాటలేంటి? క్షమాపణ చెప్పు."

"చెప్పను," అని నెట్సుకేలన్నీ కొంగున మూటగట్టుకుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

మర్నాడు పొద్దున బావగారే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "మళ్ళీ నల్లగా చేయించే దారేమైనా ఉందా అమ్మా?"

"చేసేవాళ్ళున్నారట. చేసినా పాత నలుపు కాదు."

"అడగాల్సింది నేను. అడగలేదు," అన్నారాయన. ఆమె కోపం తగ్గలేదు గానీ ఆయనకు కుర్చీ లాగి వేసింది. కొంగ కథంతా చెప్పించుకుని విన్నారాయన. కన్ను నయమయ్యాక తన ఇంటికి వెళ్ళిపోయారు.

భర్త మాత్రం ఈరోజుకీ తప్పన్నమాట ఎత్తలేదు. చుట్టాలొస్తే, మా ఆవిడ ఇనపముక్కల గొడవ అంటూ నవ్వుతూ చెబుతాడు. ఆమె నవ్వదు. విని ఊరుకోదు కూడా. ఆ డబ్బా కొనుక్కొచ్చింది ఈయనే అని వాళ్ళ ముందే అంటుంది.

కొనడం మానలేదు. ఈమధ్యే రాగి నత్త ఒకటి దొరికింది, గుల్ల వంపుల్లో నల్లదనం చెక్కుచెదరలేదు. దాన్ని కుట్టుగది బీరువాలో పెట్టుకుంది.

"కొత్తది కొన్నావటగా, చూపించవా?" అన్నాడు భర్త.

"మీకెందుకు?" అని ఆమె పనికి బయల్దేరింది.