నవాబు ఇంట్లో పోయిన చెప్పులు

ఉగాది తరువాతి ఆదివారం. వెళ్లినవారు: నేను, నా భార్య, మా చెల్లెలి కొడుకు. మేముండే అమ్రోలి నుంచి ఆటోలో వెళ్లాం.

ఒకప్పుడు నవాబులు ఉన్న ఆ ఇల్లు ఇప్పుడు నగర చరిత్ర మ్యూజియం. వలస వచ్చి నేను బతుకంతా మరమగ్గాల చప్పుడులో గడిపిన ఊరి చరిత్ర ఒకసారి చూడాలన్న కోరిక నాదే.

మొదటి గదిలోనే తాపీ నది ఒడ్డున దొరికిన అమ్మవారి రాతి విగ్రహం ఉంది. నా భార్య గడప బయట చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి మొక్కింది. అమ్మవారు ఎక్కడ కనిపించినా మా ఇళ్లలో అంతే. అయితే అవి మామూలు చెప్పులు కావు. ఆమెకు చాలా ఏళ్లుగా షుగర్. పాదాలకు స్పర్శ తగ్గిందని డాక్టరు రాసిచ్చిన మెత్తని చెప్పులు అవి.

తెచ్చుకుందామంటే కాపలాదారు వెనక్కి రానివ్వలేదు. లోపలికి వచ్చినవాళ్లు ముందుకే నడవాలట, చెప్పులు చివర్లో తీసుకోవచ్చట. సరేనన్నాం.

ఇంకో గదిలో నవాబు జోళ్లు అద్దాల పెట్టెలో ఉన్నాయి. పైన దీపం, పక్కన తాకరాదన్న బోర్డు.

"జర చూడయ్యా, జోళ్లకు ముత్యాలు కుట్టిండ్రు," అంది నా భార్య.

చుట్టూ తిరిగి మొదటి గడప దగ్గరికి వచ్చేసరికి ఆమె చెప్పులు లేవు. కాపలాదారును అడిగాను.

"వో? కచ్రా గాడీ మే గయా. యే మందిర్ థోడీ హై, చాచా."

చెత్తబండిలో వేశారట. ఇది గుడి కాదట. ఎన్నడో పోయిన నవాబు జోళ్లకు దీపం పెట్టి కాపలా కాస్తారు, బతికున్న మనిషి చెప్పులను కాసేపు కూడా ఉండనివ్వరు. అధికారిని పిలవమన్నాను. ఆదివారం రాడన్నాడు. నా గొంతు పెరిగింది. పెరగాల్సిందే.

"ఇడ్శిపెట్టు మామా," అన్నాడు మేనల్లుడు. "బజార్ల కొత్తయి కొందాం."

"అప్పటిదాక మీ అత్త ఎట్ల నడుస్తదిరా?"

అని తిరిగి చూసేసరికి ఆమె మిట్టమధ్యాహ్నపు ఎండలో, వట్టి కాళ్లతో, రాతి ముంగిలి సగం దాటింది. చెప్పులున్న నా కాళ్లకే సెగ తగులుతోంది.

"ఆగు, కాలుతది," అని పరుగెత్తాను.

"ఏం కాల్తలేదయ్యా. నువ్వు లొల్లి బంజెయ్యి."

కాలుతున్నది ఆమెకు తెలియడమే లేదు. నా చెప్పులు ఆమెకు తొడిగి, నేను ఆ రాళ్ల మీద నడిచాను. రెండడుగులకే తెలిసింది అవి ఎంత కాలుతున్నాయో.

మర్నాడు పొద్దున రోజూలాగే కిటికీ వెలుతురులో ఆమె పాదాలు చూశాను. కుడి మడమ కింద రూపాయి బిళ్లంత బొబ్బ. నొప్పి లేదంది. దవాఖానా తలుపులు తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాం. ఆమె కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను.

"తియ్యయ్యా, గింతమంది చూస్తుండ్రు," అంది.

"చూడనీ," అన్నాను.