అయిపోయిందా కాపీ

మా బావది కళ్ళజోళ్ళ షాపులో పని. వెనక గదిలో కూర్చుని, అద్దాలను ఫ్రేములకు సరిపోయేలా అరగదీస్తాడు. తన అభిమాన గాయకుడి కచేరీ ఉందంటే మాత్రం ఆ మనిషే వేరు. కళ్ళజోడు పెట్టెకు చిల్లు పెట్టి, అందులో రికార్డర్ దాచి, బుద్ధిమంతుడిలా హాల్లోకి వెళ్ళేవాడు. కళ్ళజోడు పెట్టెను ఎవరు అనుమానిస్తారు?

ఆ రికార్డింగులను తోటి అభిమానులకు ఊరికే పంచేవాడు. "పాట ఆయనది, గొంతు ఆయనది. అమ్ముకోడానికి మనదేముంది?" అనేవాడు. అమ్మడం వాళ్ళలో మహాపాపం.

పక్క సీట్లో మా అక్క. అక్క ముందు పాడటమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. బావ కోసం వెళ్ళేది, వెళ్ళి కునికిపాట్లు పడేది. చప్పట్లు వినపడగానే ఉలిక్కిపడి "అయిపోయిందా?" అనేది. ప్రతి పాటకీ అంతే. జవాబు చెబితే తన గొంతు కూడా పడుతుందని బావ నోరు మెదపకుండా మోచేత్తో పొడిచేవాడు. ఇంటికొచ్చాక "ఆయన పాడిందానికంటే నువ్వు మాట్లాడిందే ఎక్కువుంది" అని విసుక్కునేవాడు. అయినా ఆ ముక్క తీసేసేవాడు కాదు. తీసేస్తే చప్పట్లు తెగిపోతాయట! అభిమానులు ఆ రికార్డింగులకు 'అయిపోయిందా కాపీ' అని పేరు పెట్టుకున్నారు.

జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన అక్క తిరిగి రాలేదు. బావ ఏడవలేదు. తినమంటే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు, షాపుకెళ్ళి అద్దాలు అరగదీశాడు. నా గొంతు అచ్చం అక్క గొంతులా ఉంటుందని నా ఫోన్ ఎత్తడం మానేశాడు. "మెసేజ్ పెట్టు" అన్నాడు, అంతే.

అక్క ఫొటోకైతే నిలబడేది గాని, వీడియో అంటే పారిపోయేది. ఆమె గొంతు ఉన్నది ఆ రికార్డింగుల్లోనే. వాటిని వినే ధైర్యం బావకు వచ్చేసరికి హార్డ్ డిస్క్ చెడిపోయి ఉంది. బాగుచేసేవాడు పెదవి విరిచాడు. కాపీలు తీసుకున్నవాళ్ళను అడిగితే, అందరూ ఎప్పుడో పోగొట్టుకున్నవాళ్ళే.

అలాంటప్పుడు నాకు ఇంటర్నెట్‌లో కనపడ్డాయి. ఎవడో బావ రికార్డింగులన్నిటికీ రంగురంగుల అట్టలు తగిలించి అమ్ముతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పోలీసులకు చెబుదాం బావా."

"ఏమని? నేను దొంగచాటుగా తీసింది వీడు దొంగచాటుగా అమ్ముతున్నాడనా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది మా పని.

"కొనెయ్" అన్నాడు బావ. అమ్మడం పాపమన్న మనిషే.

షాపు వెనక గదిలో మిషను ఆపేసి విన్నాం. మొదటి పాట అయింది. చప్పట్లు. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. రెండో పాట మొదలైంది. అదీ అయింది. అక్క లేదు. చప్పట్లు మాత్రం ఎక్కడా తెగలేదు.

శుభ్రం చేయని కాపీ ఉందా అని అమ్మినవాడికి రాశాను. వెంటనే జవాబిచ్చాడు.

"లేదండీ, డిలీట్ చేసేశా. ఎవరో ఆవిడ మధ్యమధ్యలో ఒకటే గొణుగుడు. అది పోగొట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నచ్చితే ఫైవ్ స్టార్స్ ఇవ్వండి."

బావకు చదివి వినిపించాను. తిడతాడనుకున్నాను, కనీసం ఏడుస్తాడనుకున్నాను. ఏడిస్తే బాగుండనిపించింది కూడా.

"పనిమంతుడే" అన్నాడు, అంతే. తర్వాతి పాట పెట్టాడు.

నేను గోడకు చేరగిలబడ్డాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. చప్పట్లకు ఉలిక్కిపడి లేచాను.

"అయిపోయిందా?"

ఏమన్నానో అన్నాక గాని తెలియలేదు. బావ మోచెయ్యి నా వైపు కాస్త లేచి, అక్కడే ఆగిపోయింది.

"ఆఁ" అన్నాడు. "అయిపోయింది."

అరగదీయాల్సిన అద్దం ఒకటి చేతిలోకి తీసుకున్నాడు గాని, మిషను వెయ్యలేదు.