ఆలస్యంగా వచ్చిన వేడి

మా బావ, అంటే మా అక్క మొగుడు, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో తీగలకు టంకం వేసే పనివాడు. ముప్ఫయ్యేళ్లు వెంట్రుక కన్నా సన్నటి తీగలు అతికించాడు. అతని అతుకు ఎంత గట్టిదంటే, ఒకసారి తీగ పట్టి లాగితే తీగ ఊడలేదు, బల్ల లేచొచ్చింది. నేను కళ్లారా చూశాను. ఆ రోజు నేను ఊళ్లో లేననేది వేరే సంగతి.

రిటైరవడానికి ఆర్నెల్లుందనగా, గడ్డకట్టే చలిలో పెట్టిన ఒక స్ఫటికం అతని కొంప ముంచింది. ఒక కొసన వేడి తగిలించాలి, రెండో కొసన తీగతో కొలవాలి. పాఠ్యపుస్తకం ప్రకారం ఇక్కడ వేడి తగిలిన క్షణంలోనే అక్కడ రవ్వంతైనా తెలియాలి. కొలతని గీసే యంత్రం కాగితం మీద గీత మాత్రం కాస్త దూరం ఉలుకూ పలుకూ లేకుండా సాగి, ఉన్నట్టుండి అలలా లేచింది.

"అతుకు వదులైందయ్యా," అన్నారు పెద్ద ప్రొఫెసర్.

"నా అతుకా సార్?"

"మరి పుస్తకం తప్పంటావా?"

బావ పదకొండుసార్లు విప్పి, పదకొండుసార్లు అతికించాడు. పదకొండుసార్లూ వేడి అంతే ఆలస్యంగా, గీటు తేడా లేకుండా వచ్చింది. ఆ ప్రయోగశాలకి అంత క్రమం తప్పకుండా ఆలస్యంగా వచ్చేది ప్రొఫెసర్ గారొక్కరే. అయినా బావ సర్వీసు ఫైల్లో ఆయన రాసేశారు: "చేతిపనిలో లోపం."

బావకి అన్నం సయించలేదు. "ముప్ఫయ్యేళ్ల పనికి చివర్న ఈ ముక్కా?" అని ఒకటే గొణుగుడు.

"రోజూ మీరు ఇంటికి ఆలస్యంగా వస్తే నేనెవరి ఫైల్లో రాశాను?" అంది అక్క.

ఇంతలో కొత్తగా చేరిన లెక్చరరమ్మ ఆ కాగితాలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. కొన్ని స్ఫటికాల్లో, అంత చలిలో, వేడి ఎప్పట్లా ఇంకుతూ పాకదట. శబ్దంలా అలై నడుస్తుందట. నడిచి రావడానికి సమయం పడుతుంది కదా! ఆ ఆలస్యమే అసలు సంగతి.

మర్నాటికల్లా అది ప్రొఫెసర్ గారి పరిశోధన అయిపోయింది. "ఆ కాగితాలిలా తే, పత్రికకి పంపాలి."

బావ చేతులు కట్టుకున్నాడు. "వదులు అతుకుతో వచ్చిన గీతలు సార్. ఫైల్లో మీరే రాశారు. పత్రికవాళ్లు అడిగితే ఏం చెప్తారు?"

ప్రొఫెసర్ గారు కళ్లజోడు మూడుసార్లు తుడిచారు. తర్వాత ఫైలు తెప్పించి, పాత మాట కొట్టేసి, సొంత చేత్తో రాశారు: "అతుకుల్లో ఏ లోపమూ లేదు. పదకొండింటిలోనూ."

పత్రికలో బావ పేరు ఎక్కడా లేదు. "మీకేం ఒరిగింది మరి?" అని అక్క నిలదీసింది.

"ఆ 'పదకొండింటిలోనూ' అన్నది నేనే పట్టుబట్టి రాయించానే," అన్నాడు బావ, మారు వడ్డించుకుంటూ.