పెద్దమ్మ కళ్లలో పసుపు

మా పెద్దమ్మ, ఎవరు అన్నం పెట్టినా మొదటి ముద్ద పెట్టినవాళ్ల చేతే తినిపించేది. వాళ్ల గొంతు కదిలేదాకా తను కంచం ముట్టేది కాదు.

1960లలో ఆమె ఆర్మూరు మార్కెట్టులో పసుపు కొమ్ములు ఏరేది. కళ్లు పచ్చబడితే పసుపు దుమ్మేలే అనుకున్నాం. కొన్నాళ్లకు పెదవులు పాలిపోయాయి, నాలుగడుగులకే ఆయాసం వచ్చేది. పసరు మందు తాగినా గుణం కనిపించలేదు.

"మీ అమ్మనే అన్నంల ఏదో కలిపింది. ముద్ద నోట్ల పెట్టుకున్నది గని మింగలే," అని పెద్దమ్మ నాతోనే అన్నది. మా అమ్మ ఆమెకు తోడికోడలు. ఆ మాట విని అమ్మ ఏడ్చింది. అయినా పెద్దమ్మను హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయింది అమ్మే.

రక్తం పరీక్ష చేసిన డాక్టరును పెద్దమ్మ సూటిగా అడిగింది.

"విషం ఎవలు పెట్టిన్రు సార్?"

"ఎవ్వరు పెట్టలేదమ్మా. రోగాన్ని చంపేందుకు మన రక్తంల ప్రతిరక్షకాలని ఉంటయి. నీయి నీ ఎర్ర కణాలనే పరాయివనుకొని అంటుకుంటున్నయి. అట్ల అంటుకున్నవాటిని ఎడమ డొక్కల ఉండే తిల్లి, అంటే ప్లీహం, మింగేస్తున్నది. ఆ చచ్చిన కణాల పచ్చరంగే కళ్లకెక్కింది."

ఆయన ఇచ్చిన గోలీలతో పెద్దమ్మ మెల్లగా కోలుకున్నది. ఒకనాడు ఆమె తల దువ్వుతూ అమ్మ అడిగింది.

"అక్కా, నా మీద అనుమానం పోయిందా?"

పెద్దమ్మ అమ్మ వైపు తిరిగింది.

"నీ మీద పోయింది చెల్లె. గిప్పుడు నా మీదనే వచ్చింది," అని అమ్మ చెయ్యి పట్టుకొని చిన్నపిల్లలా ఏడ్చింది.