గంట మింగిన మొసలి

బోధన్‌లో పరుపులు కుట్టే గులాం ప్రతి నెలా మొదటి శుక్రవారం, నమాజు కాగానే, రేకు డబ్బా పట్టుకుని వాడంతా తిరుగుతాడు. మురికికాలువ కుంటలో కలిసేచోట ఒక ఇనుప జాలీ ఉంది. చెత్త దానికి తట్టుకుని ఆగుతుంది. ఇంటికి ఇరవై రూపాయలు పోగుచేసి దాన్ని బాగుచేయించడం ఆయన నెత్తినేసుకున్న పని.

బోర్లన్నీ ఎండిన ఏడాది జనం అడగకముందే యాభై చేతిలో పెట్టారు. అప్పుడు ఆ కుంటే దిక్కు. తర్వాత వానలు పడ్డాయి, ఇంటింటికీ నల్లా వచ్చింది. యాభై ఇరవై అయింది, ఇరవై ‘మళ్ల రా’ అయింది. పోయిన నెల పదకొండు ఇళ్లవాళ్లే ఇచ్చారు. జాలీ తుప్పుపట్టి ఒక మూల తెగిపోయింది. వాన పడేలోగా మార్చకపోతే ఊరి మురికంతా కుంటలోకే. ఆ భయంతో గులాం ఒక అబద్ధం కుట్టాడు.

“నిజాంసాగర్ కాలువల పడి మొసలొచ్చిందక్కా,” అన్నాడు ఉదయలక్ష్మి గడప ముందు. “మూతి మన కుంటల ఉంటే తోక ఇంకా కాలువల్నే ఉన్నది. గంట కట్టిన మేకను మింగింది. చెవివెట్టి వినుండ్రి, కడుపుల గంట మోగుతది! జాలీ గట్టిగుంటేనే వాడలకు రాదు.”

మూడు రోజుల్లో డబ్బా నిండింది. నాలుగోనాడు అదే వాడలో ఉంటూ కోటగిరిలో వరి పండించే రత్తయ్య వచ్చాడు.

“ఇరవైలతో అయ్యే పని కాదండీ గులాం భాయ్. ఇంటికి రెండువేలు వేసుకున్నాం. కుంట పూడ్చేస్తే మొసలి పీడే ఉండదు. రేపు టిప్పర్లొస్తాయి.”



తెల్లారేసరికి మట్టి టిప్పర్లు గట్టు మీద నిలబడ్డాయి. “మొసలి లేదు, నేనే పుట్టించిన,” అని గులాం మొత్తుకున్నాడు.

“గంట సుత మోగుతదంటివి, ఇప్పుడు లేదంటే ఎట్ల?” అన్నాడు పక్కింటి హన్మండ్లు.

ఇక గులాం లుంగీ బిగించి నీళ్లలోకి దిగాడు. మోకాలు లోతు. నడుం లోతు. అంతలో గణగణమని గంట.

వెనక్కి తిరిగితే టిప్పర్లు. ముందుకు అడుగేస్తే మెత్తగా ఏదో మడమను చుట్టుకుంది. కళ్లు మూసుకుని, కల్మా చదువుకుంటూ, లాగాడు. పాకురు పట్టిన యూరియా సంచి! తెగిన జాలీలోంచి వచ్చిందే. గట్టు మీద జనం కెవ్వుమన్నారు, ఆ వెంటనే నవ్వారు. వాళ్ల కాళ్ల సందున మేకొకటి మెడగంట ఊపుకుంటూ తుంగ మేస్తోంది.

“టిప్పర్లు తిప్పెయ్యండ్రా,” అన్నాడు రత్తయ్య. గులాం ఊపిరి పీల్చుకున్నాడు. “మొసలే లేనప్పుడు జాలీ ఎందుకండీ? మా ఇరవై మాకిచ్చెయ్యండి.”

గట్టు మీద డబ్బా పట్టుకున్న గులాం భార్య హుసేన్ బీ ముందు చేతులు బారులు తీరాయి. చూస్తుండగానే డబ్బా ఖాళీ అయింది. జనం ఇళ్లకు పోయారు. కోటగిరి దిక్కున మబ్బు నల్లబడి ఉరిమింది.

గులాం ఇంకా నీళ్లలోనే వణుకుతున్నాడు.

“అజీ, బయటికి రాండ్రి,” అంది హుసేన్ బీ. “మొసలి లేదని మీరే అన్నరు గద, ఇంకేం భయం?”

“లేకపాయెననే నా భయం,” అన్నాడు గులాం, సంచి చేతిలో పట్టుకుని జాలీ వైపే చూస్తూ.