మానేసిన పని

మా హెడ్ సిస్టరమ్మ పోయిన ఉదయం ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో హిందీలో ఒక కబురు వచ్చింది. శాంతంగా కన్నుమూశారని రాశారు. అది రాసిన మనిషి ఆ వారమంతా వార్డు గుమ్మం తొక్కలేదు. నేను తొక్కాను. రోజూ ఆమె మంచం దగ్గర నిలబడ్డాను. ఆమె శాంతంగా పోలేదు, నొప్పితో పోయింది. ఆ సంగతి మీకు చెప్పకుండా ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాస్తే ఆమెకే కోపం వస్తుంది.

బస్తర్ కొండల్లో ఇనుప గనుల టౌన్‌షిప్ మాది. నేను శ్రీకాకుళం వైపు నుంచి కొత్త నర్సుగా వచ్చిన రోజు, నా తెల్లచీర అంచుకు పట్టిన ఎర్రదుమ్ము చూసి ఆమె, "అది పోదమ్మా, సబ్బు దండగ చేసుకోకు" అంది. నాకు చెప్పిన మొదటి పాఠం అదే. అందరికీ సిస్టరమ్మ, నాకు అక్క. గడియారం మణికట్టు లోపలి వైపుకు పెట్టుకునేది. టీ నిలబడే తాగేది. డ్యూటీకి ముందు జుట్టు బిగించి ముడి వేసుకుని ఐదు పిన్నులు గుచ్చేది. ఆ ముడి మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. ఒకసారి పండగకి పూలు పెడతానని వెళితే, "నా తల నేను చూసుకుంటాను, నువ్వు నాలుగో బెడ్ చూడు" అని తరిమింది.

ఆ రోజుల్లో నగరం నుంచి ఇద్దరు డాక్టర్లు నొప్పి మీద పరిశోధనకని వచ్చారు. డంపర్ డ్రైవర్ల నడుములు, లోడింగ్ కూలీల భుజాలు వాళ్ళకు కావాలి. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా వరసగా బొమ్మలున్న కాగితం ఒకటి తెచ్చారు. మీ నొప్పి ఏ బొమ్మలా ఉందో చూపించండి అనేవారు. అందరూ నవ్వే బొమ్మే చూపించారు. గనిలో నొప్పులే లేవా అని ఆ ఇద్దరూ తెల్లబోయారు.

ఎర్రబోరు వైపు నుంచి వచ్చిన లోడింగ్ కూలీ ఒకడు పక్కటెముక విరిగి పడుకుని కూడా నవ్వే బొమ్మ మీదే వేలు పెట్టాడు. సిస్టరమ్మ స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"నిజం చెప్పు తమ్ముడూ."

"ఏంది సెప్పేది సిస్టరమ్మా? ఏడ్సే బొమ్మ సూపిస్తే అన్‌ఫిట్ అని రాస్తరు. ఇంటికి పంపుతరు గద."

"సరే, బొమ్మ వదిలెయ్. పొద్దున చెప్పులు ఎవరు తొడిగారు?"

అతను తల తిప్పుకున్నాడు. "మా అన్న తొడిగిండు. నాకు వంగనీకి రాలే."

ఆమె ఆ ముక్క రాసి పరిశోధకుల చేతిలో పెట్టింది. వాళ్ళు మంచివాళ్ళు, విన్నారు. చాలా నెలలకు వాళ్ళ రిపోర్టు ఇంగ్లీషులో వచ్చింది. నొప్పి ఎంత అని అడగొద్దు, నొప్పి వల్ల ఏ పని మానేశారో అడగండి, ముదిరేదాకా ఆగకుండా వేళకు మందు ఇవ్వండి అని దాని సారాంశం. పెద్ద డాక్టరుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి బీరువాలో పెట్టారు. సిస్టరమ్మ బయటికి తీసింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని వారం రోజులు చదివింది. తర్వాత స్కేలుతో ప్రతి జ్వరం చార్టులోనూ ఒక గడి ఎక్కువ గీసి, దానికి ‘మానేసిన పని’ అని పేరు పెట్టింది. చెప్పులు తొడుక్కోలేదు. నేల మీద కూర్చోలేదు. బిడ్డను ఎత్తుకోలేదు. ఆ కాగితం గని ఆఫీసుకు పోదని మంచం మంచానికీ వెళ్ళి ఒట్టు వేసింది. "మనకి జ్వరాలు చాలవా సిస్టర్?" అని ఒక డాక్టరు వెక్కిరించాడు. నెల తిరక్కుండా రౌండ్లలో ఆయనే ముందు ఆ గడి చూసి మందు రాయడం మొదలుపెట్టాడు.

నేనేమో తొందరమనిషిని. "పర్లేదా? పర్లేదా?" అంటూ మంచాలు దాటిపోయేదాన్ని. ఒకరోజు ఆపింది. "పర్లేదా అని అడిగితే పర్లేదనే అంటారే. జవాబు నువ్వే వాళ్ళ నోట్లో పెడుతున్నావు, ఇంకేం చెబుతారు?"

ఆమె రిటైరయింది. కంప్యూటర్ ఫారాలు వచ్చాయి, వాటిలో ఆ గడి లేదు. ఎవరూ తీసెయ్యమనలేదు, ఉంచమనీ అనలేదు. అప్పటికి వార్డు ఇన్‌ఛార్జిని నేనే. కొత్త ఫారం బాగుందని సంతకం పెట్టిందీ నేనే. రాసే పని తగ్గిందని సంతోషించాను కూడా.

కిందటి నెల ఆమె మా వార్డుకే వచ్చింది. కాన్సర్ ఎముకలకు పాకింది, ఇక చేసేదేమీ లేదని పెద్దాసుపత్రి వాళ్ళు పంపేశారు. గట్టి నొప్పి మందు మా బీరువాలో ఉంది. తాళంచెవి నా నడుముకే ఉంది. నేనొక్క మాట చెబితే డాక్టరు రాసేవాడు.

రెండో రోజు రౌండ్లో చూస్తే ఆమె జుట్టు జడగా అల్లి ఉంది, చివర ఎర్ర రిబ్బను. నాకు నవ్వొచ్చింది. "బడికెళ్ళే పిల్లలా ఉన్నావక్కా. జడ బాగుంది. పర్లేదా?" అన్నాను.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది.

"పర్లేదమ్మా" అంది.

ఫారంలో నొప్పి అన్నచోట సున్నా వేశాను. ఆమె పోయేదాకా రోజూ అదే ప్రశ్న, అదే సున్నా. ఆఖరి రెండు రోజులు పళ్ళు బిగించుకుని గోడవైపు తిరిగి ఉంటే నిద్రపోతోందనుకున్నాను. ఇరవై ఏళ్ళు ఆమె దగ్గర పని నేర్చుకున్న దాన్ని నేను.

ఆమెను తీసుకెళ్ళాక మంచం సర్దుతుంటే, జడ ఎవరు వేశారని ఆయాను అడిగాను.

"నేనే ఏసేనమ్మా. సెయ్యి పైకి లెగట్లేదు ఆయమ్మకి. దువ్వెన పట్టుకుంటే జారిపోయేది."

"నాకెందుకు చెప్పలేదే?"

ఆయా దుప్పటి మడత పెడుతూనే ఉంది. "మీరు సూసేరు కదమ్మా. జడ బాగుందన్నారు."

మంచం పక్క బల్ల మీద ఆమె గడియారం ఉంది. దాని పక్కన ఐదు నల్ల పిన్నులు, పొద్దున లేవగానే చేతికి అందేలా మంచం వైపుకు వరసగా పేర్చి ఉన్నాయి.