తీగ మీద మైల

1961లో నన్ను కోస్గి దగ్గరి ఒక బ్లాకుకు సాంఘిక విద్య ఆర్గనైజరుగా వేశారు. బ్లాకుకు పెద్ద బి.డి.ఓ. ఆయన కింద వ్యవసాయానికి, సహకారానికి, పశువులకు తలా ఒక విస్తరణాధికారి ఉండేవారు. హోదాలో నేను వాళ్లతో సమానం. వాళ్లు ఊళ్లకు విత్తనాలు, మందులు తీసుకుపోయేవారు. నేను మాటలు తీసుకుపోయేవాణ్ణి. యువజన సంఘాలు పెట్టడం, రాత్రి బడులు నడపడం, సభలు జరపడం నా ఉద్యోగం.

బ్లాకుకంతటికీ జీపు ఒకటే. నా వంతు వచ్చిన రోజు అందులో మైకు పెట్టె ఎక్కేది. ఆ ఊళ్లలో అప్పటికి కరెంటు లేదు కనుక మైకు జీపు బ్యాటరీ మీద నడిచేది. ఇంజన్ తిరుగుతున్నంతసేపు డైనమో బ్యాటరీని నింపుతుంది. ఇంజన్ ఆపి మైకు వాడితే బ్యాటరీ ఖాళీ అవుతూ పోతుంది. డ్రైవర్ ఖాజామియా ఈ సంగతి నాకు పలుమార్లు చెప్పాడు. ఇంజన్ మోతలో నా మాట జనానికి అందదని నేను ప్రతిసారీ ఆపించేవాణ్ణి. అందుకే అతను రెండు మందపాటి రాగి తీగలు, చివర్లకు పట్టుకొక్కేలు బిగించి, సీటు కింద పెట్టుకునేవాడు. దారిలో ఏదైనా లారీ ఎదురైతే దాని బ్యాటరీ నుంచి కరెంటు అడిగి తీసుకునేవాడు.

మాఘమాసంలో ఒక పొద్దున సభ పెట్టాం. విషయం మైల. పురుటి మైల పేరుతో బాలింతను గాలి ఆడని గదిలో పడేసే ఆచారాన్ని ఉతికి ఆరేశాను. ఎండ నడినెత్తికి వచ్చేదాకా మాట్లాడాను. చప్పట్లు బాగా పడ్డాయి.

దిగి జీపు దగ్గరకు వస్తే ఒక ముసలామె నిలబడి ఉంది. ఆమె కోడలు బాలమణికి తొలి కాన్పు. నొప్పులు వస్తున్నాయి, ఆగుతున్నాయి, బిడ్డ రావడం లేదు. మంత్రసాని ఇక తన వల్ల కాదంది. పాలమూరు దవాఖానకు చేర్చాలి. ఎక్కించుకున్నాం. జీపు స్టార్ట్ కాలేదు. సభకు వచ్చినవాళ్లే వాలు మీద తోస్తే దగ్గి దగ్గి అంటుకుంది.

ఊరు దాటగానే ఎండిన వాగు. నడిమధ్యకు వచ్చేసరికి బాలమణి గట్టిగా అరిచింది. ఖాజామియా ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. ఇంజన్ ఆగిపోయింది. ఇసుకలో తోయడం సాధ్యం కాదు. ముందుకు పోయి హ్యాండిల్ వేసి తిప్పాడు. ఇంజన్ తిరిగింది గాని అంటుకోలేదు. నిప్పురవ్వ పుట్టేంత కరెంటు కూడా బ్యాటరీలో లేదన్నాడు. అది ఎందుకు లేదో అనలేదు.

అప్పుడు ఎదురుగా ఒక కారు వాగులోకి దిగింది. మామిడి తోరణం, పసుపు బొట్లు: పెండ్లికొడుకు కారు. లోపల కాళ్లు పెట్టే సందు లేదు. మనిషిని ఎక్కించుకొమ్మని అడిగే వీలు లేదు కనుక కరెంటే అడిగాను. కారు డ్రైవర్ సరేనని దిగాడు. పెండ్లికొడుకు మేనత్త అతన్ని ఆపింది. పెండ్లి బండికి పురుటి బండిని తీగతో కడితే మైల ఆ తీగ పట్టుకొని రాదా అని అడిగింది.

పొద్దుటి నుంచి నేను మాట్లాడింది దాని గురించే. తీగలో పోయేది కరెంటు తప్ప మరేదీ కాదన్నాను. ఆ కరెంటు నా కండ్లకు కనపడుతోందా అని అడిగింది. కనపడదన్నాను. మైలా కనపడదు, ఒకటి పోతుందంటూ రెండోది పోదని ఎట్లా చెప్తావంది. చావు కబురు తెచ్చే టెలిగ్రాం తంతి తీగ మీదే వస్తుంది కదా, ఆ తీగకు మైల పట్టిందా అన్నాను.

“తంతి చదివినంక తానం చెయ్యరా సారూ?” అంది.

కారులోవాళ్లు నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతుంది. చాలా రోజుల తర్వాత దీటైన ప్రత్యర్థి దొరికిందని లోలోపల సంతోషించాను. ఇంకో ఉదాహరణ వెతుక్కుంటున్నాను. ఖాజామియా రెండు చేతుల్లో రెండు తీగలు పట్టుకొని ఎండలో నిలబడి ఉన్నాడు. పెండ్లికొడుకు నేను పెట్టిన యువజన సంఘానికి కార్యదర్శి. నా సభల్లో అందరికంటే ముందు చప్పట్లు కొట్టేవాడు. ఆ రోజు తల ఎత్తలేదు. నేనూ అతని మొహం చూడలేదు.

జీపు వెనక తెర పైకి లేచింది. బాలమణి రెండు నొప్పుల నడుమ మోచేతి మీద లేచి కూర్చుంది.

“సారూ, నువ్వు జర ఊకో,” అంది ముందు నాతో. తర్వాత మేనత్త వైపు తిరిగింది. “అవ్వా, నేనింక కననే లేదు. పురుడు యాడికెల్లి వచ్చె? గిట్లనే ముచ్చట పెట్టుకుంట నిలవడుండ్రి, గీ ఇసుకలనే కంట. గప్పుడు అంటుతది మీ పెండ్లికి.”

మేనత్త కారు డ్రైవర్ వైపు తిరిగింది.

“పిల్ల నిజం చెప్పింది,” అంది. “కట్టుండ్రి జల్ది.”

బండ్లు రెండూ ఎదురెదురుగా, ఒకదానికొకటి తగలకుండా నిలిపారు. ఈ బ్యాటరీ ప్లస్సుకు ఆ బ్యాటరీ ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపారు. తారుమారైతే బ్యాటరీ పేలే ప్రమాదం ఉంది. కారు ఇంజన్‌ను కాసేపు జోరుగా తిప్పి మా బ్యాటరీకి కొంత ఊపిరి వచ్చాక ఖాజామియా స్టార్టర్ తొక్కాడు. జీపు అంటుకుంది. మేనత్త తన కొంగుముడి విప్పి చిటికెడు పసుపు తీసి కారు బానెట్ మీద చల్లింది. నేను జీపు ఎక్కాను.

పాలమూరులో ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీబిడ్డా దక్కారు. ఇంకా ముందు ఎందుకు తేలేదని డాక్టరమ్మ అడిగింది. బండి ఆగిందని చెప్పాను. వాగులో చర్చ జరిగిందని చెప్పడానికి నోరు రాలేదు.

మైల అబద్ధమని ఆ రోజు అన్నాను, ఈ రోజూ అంటాను. అందులో మార్పు లేదు. కాని వాగులో నా తర్కం ఎవరి కోసం నడిచిందో బాలమణికి తెలిసింది, నాకు తెలియలేదు. ఆమె మైలను ఖండించలేదు. దాని లెక్క ప్రకారమే దాన్ని పక్కకు జరిపింది, ఎందుకంటే ఆమెకు కావలసింది దవాఖాన. నాకు ఆ కాసేపు కావలసింది గెలుపు.

ఆ తర్వాత నా సభలన్నిటిలోనూ ఇంజన్ నడుస్తూనే ఉండేది. ఆ మోతలో నా మాటలు సగం వినపడేవి కావు. వినపడలేదని ఏ ఊళ్లోనూ ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.